పట్టికల భాషాంతరీకరణము: ఒక కంప్యూటరు భాష నుండి మరొక భాషకు

రాజాం పట్టణ వాసులకు ఈ మధ్య ఒక విచిత్రమైన అనుభవం కలిగింది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మన పట్టణం శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలోనికి మారింది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, గుమ్మం ముందున్న వేపచెట్టు కదలలేదు. కాని చిరునామా మారింది. పాత చిరునామాతో ఉత్తరం వ్రాసిన బంధువును మనం తప్పు పట్టలేము. కొత్త చిరునామా అడిగిన గుమాస్తాను తప్పు పట్టలేము. వస్తువు ఒక్కటే, దానిని చేరుకొనే పద్ధతి వేరు.

ఒక కంప్యూటరు భాషలో వ్రాసిన ప్రోగ్రామును మరొక భాషలోనికి మార్చే పనిలో, ముఖ్యంగా పట్టికలను నడిపించే భాగాలలో, ఎదురయ్యే చిక్కంతా ఇదే. అంకెలు అవే ఉంటాయి. వాటి చిరునామాలు మాత్రం మారిపోతాయి. ఈ మార్పును గమనించని అనువాదకుడు ఉత్తరాన్ని పొరుగింట పడవేసి వస్తాడు; పైగా ఉత్తరం చేరిందనే నమ్ముతాడు. ఇటువంటి పొరపాటు మేము స్వయంగా చేసి, దాని ఫలితాన్ని కళ్ళారా చూసిన వారం కనుక, తోటి విద్యార్థులకు ఉపయోగపడగలదను ఆశతో ఈ వ్యాసం వ్రాయుటకు సాహసిస్తున్నాము.

పట్టిక అనగానేమి?

కంప్యూటరు స్మృతిని ఒక పొడవైన వీధితో పోల్చవచ్చును. ఆ వీధిలో ఒకే కొలత గల ఇళ్ళు ఒకదాని ప్రక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. ఒకే జాతికి చెందిన విలువలను, అనగా నలభై అయిదుగురు విద్యార్థుల మార్కులనో, సంవత్సరంలోని ప్రతి దినపు వర్షపాతాన్నో, వరుస ఇళ్ళలో ఉంచి, ఆ వరుసకంతటికీ ఒకే పేరు పెడితే దానిని 'అరే' అంటారు. తెలుగులో శ్రేణి అనవచ్చును, పట్టిక అనవచ్చును. పేరు ప్రక్కన వ్రాసే సంఖ్యను సూచిక అందాము. పేరు వీధిని చెబుతుంది; సూచిక ఇంటిని చెబుతుంది.

ఇంతవరకు అన్ని భాషలకూ ఏకాభిప్రాయమే. మొదటి ఇంటికి ఏ సంఖ్య వేయవలెనన్న చోటనే అభిప్రాయ భేదం మొదలవుతుంది.

ఒకటితో మొదలా, సున్నతో మొదలా?

1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వాన రూపొందిన ఫోర్ట్రాన్ భాష మొదటి ఇంటికి 1 అని సంఖ్య వేసింది. గణిత శాస్త్రజ్ఞులు మాత్రికలకు వేసే సంఖ్యలు కూడ ఒకటితోనే మొదలగును కనుక ఇది సహజంగానే తోచింది. 1972 ప్రాంతాల బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష మాత్రం మొదటి ఇంటికి 0 వేసింది. నేడు పైథాన్, జావా మొదలైనవి సి వెంట నడుస్తున్నాయి. మాట్‌ల్యాబ్, ఆర్, జూలియా ఫోర్ట్రాన్ వెంట నడుస్తున్నాయి. పాస్కల్ వంటి భాషలు ఎక్కడ మొదలుపెట్టవలెనో ప్రోగ్రాము వ్రాసేవానికే వదలివేశాయి. ఫోర్ట్రాన్ కూడ 1977 ప్రమాణంతో ఈ స్వేచ్ఛను కల్పించింది.

సున్నతో లెక్కించుట అసహజమని కొందరు విద్యార్థులు విసుగుకొంటారు. కాని మన ఇళ్ళలో పెద్దలు వయస్సు చెప్పే తీరు గమనించండి. "అబ్బాయికి పదహారేళ్ళు నిండినవి" అని ఒకరంటే, "పదిహేడవ యేడు నడుస్తున్నది" అని మరొకరంటారు. అబ్బాయి ఒక్కడే, రెండు మాటలూ నిజమే. ఫోర్ట్రాన్ నడుస్తున్న యేడును చెబుతుంది. సి భాష నిండిన యేళ్ళను చెబుతుంది, అనగా ఈ ఇంటికి ముందు ఎన్ని ఇళ్ళు దాటి వచ్చామో చెబుతుంది. అప్పుడే పుట్టిన శిశువుకు నిండినవి సున్న. నడుస్తున్నది మొదటి యేడు. ఈ సంగతి గుర్తున్న వానికి ఒకటి తీసివేయుట ఎక్కడో, కలుపుట ఎక్కడో తడుముకొనవలసిన పని ఉండదు.

హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1982లో వ్రాసిన ఒక చిన్న పత్రంలో సున్నతో మొదలుపెట్టుటయే మేలని వాదించాడు. మొదటి హద్దును కలుపుకొని చివరి హద్దును విడిచిపెడితే, రెండు హద్దుల భేదమే శ్రేణి పొడవు అవుతుందనీ, ఒక శ్రేణి ముగిసిన సంఖ్యతోనే తరువాతి శ్రేణి మొదలగుననీ అతడు చూపించాడు. ఈ పద్ధతిలో నలభై అయిదు ఇళ్ళ శ్రేణి సున్న నుండి మొదలై నలభై అయిదుకు లోబడి ముగుస్తుంది. వాదన చక్కనిదే. అయినను ఒకటితో మొదలయ్యే భాషలు అంతరించలేదు, అంతరించవు కూడ. కనుక రెండు లోకాల మధ్య రాకపోకలు తప్పవు.

మా పొరపాటు

ఇక మా కథ. మా గురువర్యులొకరు తమ విద్యార్థి దశలో ఫోర్ట్రాన్ భాషలో వ్రాసుకొన్న ప్రోగ్రాము ఒకటి ఉన్నది. ఉపకార వేతనాలకు అర్హులైన విద్యార్థుల పేర్లను, మొత్తాలను చదువుకొని జాబితాను, కూడికను ముద్రించే ప్రోగ్రాము అది. దానిని సి భాషలోనికి మార్చే పని మాకు అప్పగింపబడింది. పని త్వరగా ముగియవలెనని మేము దానిని రెండు భాగాలుగా పంచుకొన్నాము. చదివే భాగాన్ని వ్రాసిన వారు సి భాషా సంప్రదాయాన్ని పాటించి 0 నుండి 44 వరకు ఇళ్ళను నింపారు. ముద్రించే భాగాన్ని వ్రాసిన వారు మూలంలో ఉన్నట్లే 1 నుండి 45 వరకు ఇళ్ళను చదివారు.

ప్రోగ్రాము ఏ అభ్యంతరమూ చెప్పలేదు. సి భాష హద్దులను కావలి కాయదు. 45వ సంఖ్య గల ఇల్లు మన శ్రేణిలో లేకపోయినా, ఆ చోట స్మృతిలో ఏది ఉంటే అది తెచ్చి ఇస్తుంది. మా అదృష్టమో దురదృష్టమో గాని అక్కడ ఏమీ లేదు. జాబితా చివర ఒక ఖాళీ పంక్తి వచ్చింది. ముద్రణలో ఏదో లోపమనుకొని ఊరుకొన్నాము. నమూనా జాబితాను నోటీసు బోర్డుపై అంటించాము.

మరునాడు ఒక సోదరి వచ్చి బోర్డు ముందు చాలసేపు నిలబడి, చివరకు మా వద్దకు వచ్చి, "నా పేరు లేదేమండీ?" అని మెల్లగా అడిగింది. ఆమె తండ్రి జనపనార మిల్లులో కూలీ. ఆ మొత్తం రాకపోతే ఆమె చదువు ఆగిపోవునట్టి పరిస్థితి. దరఖాస్తులో తానేమి తప్పు చేసిందోనని ఆమె రాత్రంతా మథనపడిందట. తప్పు ఆమెది కాదు. అక్షర క్రమంలో ఆమె పేరు మొట్టమొదటిది. అందుచేత ఆమె సున్నవ ఇంట నిలిచింది. మేము ఆ ఇంటి తలుపు తట్టనే లేదు.

జాబితా తుది రూపం దాల్చకముందే తప్పు బయటపడినందున ఎవరికీ నష్టం కలుగలేదు. కాని ఆమె అడగకుండా వెళ్ళిపోయి ఉంటే? ఆ ప్రశ్న మమ్ము నేటికీ వదలలేదు. పనిచేయక ఆగిపోయే ప్రోగ్రాము వలన ప్రమాదం తక్కువ. ఆగకుండా, నదురు బెదురు లేకుండా, తప్పు సమాధానం చెప్పే ప్రోగ్రాముతోనే ప్రమాదం.

అడ్డు వరుసలు, నిలువు వరుసలు

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు రెండు దిక్కులు గల పట్టికలతో వస్తుంది. దీనిని బోధపరచుటకు మన సంచికనే ఉదాహరణగా తీసుకొందాము. ఈ సంచికకు రెండు ముఖపత్రాలు. తెలుగు పాఠకుడు ఒక వైపు నుండి తెరుస్తాడు. ఉర్దూ పాఠకుడు మరొక వైపు నుండి తెరుస్తాడు. తెలుగు పంక్తి ఎడమ నుండి కుడికి సాగుతుంది. ఉర్దూ పంక్తి కుడి నుండి ఎడమకు సాగుతుంది. ఉర్దూ పంక్తి మధ్యలో సంవత్సరమో, మొత్తమో వ్రాయవలసి వస్తే ఆ అంకెలు మాత్రం ఎడమ నుండి కుడికే సాగుతాయి. చదువరికి దిక్కు తెలిసి ఉంటే ఏ గందరగోళమూ లేదు. దిక్కు తెలియకపోతే అక్షరాలన్నీ సరిగా ఉన్నా అర్థం పుట్టదు.

పట్టికకు అడ్డు వరుసలూ, నిలువు వరుసలూ ఉంటాయి గాని, కంప్యూటరు స్మృతి ఒకే పొడవైన వీధి. కనుక పట్టికను ఆ వీధిలో పరచుటకు ఏదో ఒక క్రమం కావలెను. సి భాష మొదటి అడ్డు వరుసను పూర్తిగా పరచి, తరువాత రెండవ అడ్డు వరుసను పరుస్తుంది. ఫోర్ట్రాన్ మొదటి నిలువు వరుసను పూర్తిగా పరచి, తరువాత రెండవ నిలువు వరుసకు పోతుంది.

మూడు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు గల చిన్న పట్టికను తీసుకొందాము. మొదటి అడ్డు వరుసలో 1, 2, 3, 4. రెండవ దానిలో 5, 6, 7, 8. మూడవ దానిలో 9, 10, 11, 12 ఉన్నవనుకొనండి. సి భాష వీటిని 1 నుండి 12 వరకు అదే క్రమంలో పరుస్తుంది. ఫోర్ట్రాన్ పరచే క్రమం ఇది: 1, 5, 9, 2, 6, 10, 3, 7, 11, 4, 8, 12. రెండవ అడ్డు వరుసలో మూడవ స్థానాన ఉన్న 7 అను విలువ సి వీధిలో ఏడవ ఇల్లు, ఫోర్ట్రాన్ వీధిలో ఎనిమిదవ ఇల్లు.

ఇప్పుడు ఫోర్ట్రాన్ ప్రోగ్రాము వరుసగా వ్రాసి ఉంచిన విలువలను సి ప్రోగ్రాము తన అలవాటు ప్రకారం చదివిందనుకొనండి. దాని కంటికి మొదటి అడ్డు వరుస 1, 5, 9, 2గాను, రెండవది 6, 10, 3, 7గాను, మూడవది 11, 4, 8, 12గాను కనబడతాయి. అడ్డు వరుసల కూడికలు నిజానికి 10, 26, 42. తప్పుగా చదివినప్పుడు 17, 26, 35. పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనింప ప్రార్థన. మొత్తం కూడిక రెండు విధాలా 78 మాత్రమే. నడిమి వరుస కూడిక కూడ రెండు విధాలా 26 మాత్రమే. మొత్తం సరిపోయింది గదా అని సంతృప్తి పడిన వాడు, నడిమి వరుసను ఒక్కదానిని సరిచూచి లేచిన వాడు, ఇద్దరూ మోసపోతారు.

దీనికి చికిత్స రెండు విధాలు. విలువలన్నిటినీ స్థానాలు మార్చి కొత్తగా పరచుట ఒకటి. విలువలను కదపకుండా, సూచికల వరుసను తారుమారు చేయుట రెండవది. మూడు అడ్డు, నాలుగు నిలువు గల ఫోర్ట్రాన్ పట్టికను సి భాషలో నాలుగు అడ్డు, మూడు నిలువు గల పట్టికగా ప్రకటించి, సూచికలను వెనుక ముందు చేసి వాడితే ఒక్క అంకె కూడ కదలనవసరం లేదు. పెద్ద పట్టికలకు ఈ రెండవ మార్గమే ఎక్కువ అనుకూలం.

ఇందులో వేగానికి సంబంధించిన సంగతి కూడ కలదు. ప్రాసెసరు స్మృతి నుండి ఒక్కొక్క విలువనే తెచ్చుకొనదు. ప్రక్క ప్రక్కన ఉన్న ఇళ్ళను ఒక మోపుగా తెచ్చుకొంటుంది. నేటి ప్రాసెసర్లలో ఈ మోపు సాధారణంగా 64 బైట్లు, అనగా 8 బైట్ల విలువలు ఎనిమిది. వీధి వెంట నడిచే ప్రోగ్రాము ఒక మోపులోని ఎనిమిదింటినీ వాడుకొంటుంది. వీధికి అడ్డంగా గంతులు వేసే ప్రోగ్రాము ఒక్కటి వాడుకొని ఏడు పారవేస్తుంది. కనుక ఫోర్ట్రాన్‌లో లోపలి ఆవృత్తం మొదటి సూచికను, సి భాషలో చివరి సూచికను నడిపించవలెను. అనువాదంలో ఆవృత్తాలను ఉన్నవి ఉన్నట్లే దించితే జవాబు సరిగానే వస్తుంది. కాని పట్టిక పెద్దదైన కొద్దీ ఆలస్యం పెరుగుతుంది.

ముక్కలు, మొత్తాలు

శ్రేణిలో కొంత భాగాన్ని పేర్కొనుటలో మరొక భేదం ఉన్నది. ఫోర్ట్రాన్‌లో '2 నుండి 5 వరకు' అన్నప్పుడు 5 కూడ చేరుతుంది. నాలుగు విలువలు వస్తాయి. పైథాన్‌లో అదే మాటకు 5 చేరదు; మూడు విలువలే వస్తాయి. అందుచేత ఫోర్ట్రాన్ 2:5 పైథాన్‌లో 1:5 అగును. మొదటి హద్దు నుండి ఒకటి తగ్గుతుంది. చివరి హద్దు అట్లే ఉంటుంది. రెండింటి నుండీ ఒకటి తగ్గించిన వాడు చివరి విలువను పోగొట్టుకొంటాడు. పైగా పైథాన్‌లో సూచిక పొరపాటున -1 అయితే అది తప్పుగా పరిగణింపబడదు. శ్రేణిలోని చిట్టచివరి విలువ అని దానికి అర్థం. మొదటి ఇంటికి ముందుకు పోబోయిన వాడు చివరి ఇంటిలో తేలుతాడు!

1990 ప్రమాణం నుండి ఫోర్ట్రాన్ శ్రేణినంతటినీ ఒకే వాక్యంలో నడిపించే శక్తిని సంపాదించింది. అందులో 10, 20, 30, 40 అను నాలుగు విలువలను ఒక ఇల్లు ముందుకు జరుపుమని ఒక వాక్యం వ్రాసితే, యంత్రం కుడి ప్రక్కనున్న దానినంతా ముందుగా గ్రహించి, ఆ తరువాతనే ఎడమ ప్రక్కన ఉంచుతుంది. ఫలితం 10, 10, 20, 30. ఇదే వాక్యాన్ని సి భాషలో మొదటి నుండి చివరకు నడిచే ఆవృత్తంగా మార్చితే, రెండవ ఇంటిలో 10 పడుతుంది. మూడవ ఇల్లు ఆ కొత్త 10నే తీసుకొంటుంది. చివరకు 10, 10, 10, 10 మిగులుతాయి. చివరి నుండి మొదటికి నడిస్తే మాత్రం సరియైన ఫలితం వస్తుంది. మాటకు మాట వేసిన అనువాదం భావాన్ని చంపుతుందనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

పూర్వుల అనువాద మార్గం

గణితాన్ని భాషాంతరీకరించుట మనకు కొత్త కాదు. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. మూలంలోని జైన ప్రస్తావనలకు బదులు శైవ ప్రస్తావనలు వచ్చాయి. లెక్క మాత్రం లెక్కగానే నిలిచింది. ఇటు భాస్కరాచార్యుని లీలావతిని 1587లో అక్బరు ఆస్థానకవి ఫైజీ పారసీకంలోనికి తెచ్చాడు. ఎడమ నుండి కుడికి సాగిన గ్రంథం కుడి నుండి ఎడమకు సాగింది, సూత్రాలు చెక్కుచెదరలేదు. వేషం మార్చవచ్చును, ప్రాణం మారరాదు. ఉర్దూ, తెలుగు రెండింటి నీడలో చదువుకొన్న మనకు ఈ మర్మం ఇతరుల కన్న సులభంగా పట్టుబడవలెను.

పాత ప్రోగ్రాముల అవసరమేమి?

పాత ప్రోగ్రాములను పారవేసి కొత్తవి వ్రాసుకొనరాదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. వాతావరణాన్ని ముందుగా గణించే గొప్ప ప్రోగ్రాములు పెక్కు నేటికీ ఫోర్ట్రాన్‌లోనే ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటిన సంగతి మన ప్రాంతం వారెవరూ మరువలేరు. అట్టి తుఫానులు ఎప్పుడు, ఎక్కడ తీరం తాకునో ముందుగా అంచనా కట్టే పనిలో ఆకాశాన్ని గళ్ళు గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోని గాలిని, ఒత్తిడిని, తేమను బ్రహ్మాండమైన పట్టికలలో ఉంచి గణిస్తారు. దశాబ్దాల అనుభవం, దిద్దుబాట్లు ఆ పంక్తులలో నిక్షిప్తమై ఉన్నాయి. వాటిని పారవేయుట పూర్వుల గ్రంథాలను పారవేయుట వంటిదే. అటువంటి పట్టికలో అడ్డు వరుస నిలువు వరుసగా మారితే, వాన పడవలసిన ఊరు మారిపోతుంది.

1990 ప్రాంతంలోనే ఫోర్ట్రాన్‌ను సి భాషలోనికి మార్చే యంత్రానువాదిని బెల్ ప్రయోగశాలల వారు మరికొందరితో కలిసి తయారుచేశారు. పైథాన్‌లో పట్టికలను నడిపే నమ్‌పై అను సాధనం రెండు పరచే క్రమాలనూ అంగీకరిస్తుంది. ఒకదానికి సి అనియు, రెండవదానికి ఫోర్ట్రాన్ పేరిట ఎఫ్ అనియు గుర్తులు. 2024లో అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా, సి ప్రోగ్రాములను హద్దులు కావలి కాసే రస్ట్ భాషలోనికి యాంత్రికంగా మార్చే పథకాన్ని ప్రకటించింది. కృత్రిమ మేధ సాధనాలు నేడు నిమిషంలో అనువాదం చేసి ఇస్తున్నాయి. కాని ఆ అనువాదం సరియైనదా కాదా అని తేల్చవలసిన బాధ్యత మనుష్యునిదే.

విద్యార్థి మిత్రులకు

మా అనుభవం నేర్పిన కొన్ని నియమాలను మనవి చేసి విరమిస్తాము.

మొదటిది: ఒక్క పంక్తి అయినా మార్చకముందే, మూల భాషలో మొదటి సూచిక ఏది, పరచే క్రమం ఏది, ముక్కలో చివరి హద్దు చేరునా చేరదా అను మూడు ప్రశ్నలకు సమాధానాలు కాగితంపై వ్రాసుకొనవలెను. పని పంచుకొన్న వారందరూ ఆ కాగితాన్ని ముందుంచుకొనవలెను.

రెండవది: పరీక్షకు చతురస్రాకారపు పట్టికను వాడరాదు. మూడు అడ్డు, నాలుగు నిలువు వంటి అసమానమైన పట్టికను తీసుకొని, ప్రతి ఇంటిలోనూ ఆ ఇంటి చిరునామానే విలువగా ఉంచవలెను. రెండవ అడ్డు వరుస, మూడవ నిలువు వరుస కలిసే చోట 23 అని వ్రాయవలెను. అప్పుడు ఏ విలువ దారి తప్పినా తానెక్కడి నుండి వచ్చినదీ తానే చెబుతుంది.

మూడవది: మొత్తాన్ని మాత్రమే సరిచూచి తృప్తి పడరాదు. మొదటి ఇంటిని, చివరి ఇంటిని, ఒకే ఇల్లు గల శ్రేణిని, అసలు ఇళ్ళే లేని శ్రేణిని పరీక్షించవలెను. పాత ప్రోగ్రామునకు, కొత్త ప్రోగ్రామునకు ఒకే దత్తాంశాన్ని ఇచ్చి, జవాబులను పంక్తి పంక్తిగా పోల్చవలెను. ఖాళీ పంక్తి కనబడితే దానిని ముద్రణా దోషమని త్రోసివేయరాదు.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది: ప్రతి సూచిక వెనుక ఒక మనిషి ఉండవచ్చునని గుర్తుంచుకొనవలెను. మేము సరిదిద్దిన ప్రోగ్రాములో ముద్రణ ఇప్పుడు సున్నతోనే మొదలవుతుంది. జాబితాలో మొదటి పేరు ఆ సోదరిదే. ఆమెకు ఉపకార వేతనం అందింది; చదువు సాగుతున్నది. నోటీసు బోర్డు ముందు నిలబడి ఆమె అడిగిన ఒక్క ప్రశ్న మాకు ఏ పాఠ్యగ్రంథమూ నేర్పని పాఠం నేర్పింది.